ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రోగ్రాం బట్టీ పడితే సీఎస్ఈ వస్తుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కళాశాలలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మొదటి సంవత్సరంలో చేరాను. ఇంటర్ లెక్కల్లో 75కి 70కి తగ్గేవి కావు. ఇక్కడ సీ లాంగ్వేజీ తలకెక్కడం లేదు. ప్రోగ్రాములన్నీ బట్టీ పట్టి ల్యాబ్ పరీక్షకు వెళ్తే వైవాలో నోరు పెగల్లేదు. తోటివాళ్లలో కొందరికి స్కూల్లోనే కోడింగ్ వచ్చట. ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్) మారిపోవాలా? నాన్న అప్పు చేసి మంచి ల్యాప్‌టాప్ కొంటానంటున్నారు. - ఒక విద్యార్థిని

జవాబు: ముందు బ్రాంచి సంగతి తేల్చేద్దాం. అడ్మిషన్లు ముగిశాక బ్రాంచి మారే వీలు జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో లేదు. ఉన్నా మీకు ఒరిగేది తక్కువే. ఈసీఈ వాళ్లూ మొదటి ఏడాది సీ లాంగ్వేజీ చదవాల్సిందే.

మీరు బట్టీ పట్టారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇంటర్ రెండేళ్లూ మనం పిల్లలకు నేర్పించేది అదే. అక్కడ అది మార్కులు తెచ్చిపెట్టింది కూడా. సీఎస్ఈలో మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే చేతులెత్తేస్తుంది. ఎందుకో ఒక్క ప్రోగ్రాంతో చెబుతాను.

మీ ల్యాబ్ రికార్డులో ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య ప్రోగ్రాం ఉండే ఉంటుంది. సంఖ్యలో ఎన్ని అంకెలుంటే ఒక్కో అంకెను అన్నో ఘాతానికి పెంచి కూడినప్పుడు మళ్లీ అదే సంఖ్య వస్తే అది ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య. మూడంకెల సంఖ్యకైతే ఘనాలు కూడాలి. కంప్యూటర్ ముట్టుకోకుండా తెల్ల కాగితం మీద మూడు నిలువు వరుసలు గీసి, పైన ‘ఎన్’, ‘అంకె’, ‘మొత్తం’ అని రాసుకోండి. ఎన్ విలువ 153 అనుకోండి. 10తో భాగిస్తే శేషం 3, దాని ఘనం 27, కాబట్టి మొత్తం 27. ఇక ఎన్ 15.3 కాదు, 15 అవుతుంది. భాజ్యం, భాజకం రెండూ పూర్ణాంకాలే కనుక సీ దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. రెండో చుట్టులో అంకె 5, ఘనం 125, మొత్తం 152. మూడో చుట్టులో అంకె 1, మొత్తం 153. ఎన్ సున్నా అయింది, లూప్ (ఈ చుట్లు తిరగడం) ఆగింది.

ఇప్పుడు మొత్తాన్ని ఎన్‌తో పోల్చండి. ఎన్‌లో సున్నా తప్ప ఏమీ మిగల్లేదు కదా! అందుకే అసలు సంఖ్యను ముందే మరో చరరాశిలో దాచుకుంటారు. చాలా పుస్తకాల్లో దాని పేరు టెంప్. బట్టీ పట్టినవాళ్ల కలం నుంచి జారిపోయేది సరిగ్గా ఆ లైనే. వైవాలో అడగడానికీ అంతకన్నా మంచి ప్రశ్న ఉండదు.

అక్కడితో ఆపకండి. 1634 ఇచ్చి చూడండి. 1, 6, 3, 4ల నాలుగో ఘాతాలు కూడితే 1634 వస్తుంది కనుక అదీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యే. రికార్డులోని ప్రోగ్రాం ఘనాలు మాత్రమే కూడేదైతే, 308 తెచ్చి ‘కాదు’ అంటుంది. ఎక్కడ ఏం మార్చాలో మీరే కనుక్కోండి. దానికి ఒక సాయంత్రమంతా పట్టినా పట్టనివ్వండి. చాట్‌జీపీటీని అడిగితే క్షణాల్లో రాసిస్తుంది. దాన్ని అడగొద్దనను, మీ ప్రయత్నం కాగితం మీద పడ్డాక అడగండి. అదీ ప్రోగ్రాం రాసిమ్మని కాదు, మీరు రాసినదానిలో తప్పెక్కడుందో చెప్పమని.

ఇది ఇప్పుడే ఎందుకు సరిచేసుకోవాలంటే, ముందుముందు డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని కంప్యూటర్‌లో అమర్చుకునే పద్ధతులు) వస్తుంది. పాయింటర్లు, అంటే మెమరీలో చిరునామాను దాచుకునే చరరాశులు, రాకుండా అందులో లింక్డ్ లిస్ట్ (ఒక్కో గడి తర్వాతి గడి చిరునామాను దాచుకునే జాబితా) అర్థం కాదు. గళ్లు, బాణాలు గీసుకుంటూ చదవండి, బొమ్మ లేకుండా పాయింటర్ల జోలికి వెళ్లొద్దు. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) దగ్గర చాలామంది బెదిరిపోతారు గానీ మీకు ఆ భయం అక్కర్లేదు. ఇంటర్‌లో గణితానుగమనం చదివారు కదా, ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు వెళ్లే ఆ ఆలోచనే ఇక్కడ తిరగేసి వాడతారు. ప్రస్తారాలు, సంయోగాలు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో ఎదురవుతాయి. మాత్రికలు, సంభావ్యత మెషిన్ లెర్నింగ్‌లో పనికొస్తాయి. లెక్కల్లో మీకున్న పట్టును మీరే తక్కువగా చూస్తున్నారు. స్కూల్లో కోడింగ్ నేర్చినవాళ్లను చూసి కుంగిపోకండి. వాళ్లలో చాలామందికి వచ్చింది లూపుల దాకానే. రెండో ఏడాదికల్లా ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

ఇంగ్లిష్ అడ్డొస్తుంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలకూ రుసుము లేదు. పాఠం ఇంగ్లిష్‌లో విన్నా కాగితం మీద తెలుగులో ఆలోచించుకోండి, తప్పేమీ లేదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ గురించి ఇప్పుడే హైరానా వద్దు. మూడో సంవత్సరం నుంచి రాయొచ్చు, పైగా ఆ సిలబస్‌లోనూ సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ ఉన్నాయి.

ఇక ల్యాప్‌టాప్. అప్పు చేసి ఖరీదైనది కొనొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. సీ ప్రోగ్రాములకు కళాశాల ల్యాబ్ చాలు. ఫోనులో ఆన్‌లైన్ కంపైలర్ వాడినా పని నడుస్తుంది. తర్వాత కొనాల్సి వస్తే 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న సాధారణ యంత్రం తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు పోయొద్దు. దుకాణంవాడు ‘సీఎస్ఈ అంటే అది లేకుండా ఎలా’ అంటాడు, అననివ్వండి.