సమాధానం: బాబు మణికట్టు ఎక్స్‌రేలో ఆ నల్ల గీత ఏంటంటే

టెన్షన్ పడకండి. 9 ఏళ్ల బాబు సైకిల్ మీంచి పడ్డాడు, ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర ఎముక చివర ముక్క విడిపోయినట్టు అడ్డంగా నల్ల గీత ఉంది, డాక్టరేమో ఫ్రాక్చర్ లేదంటున్నారు, నమ్మాలా వద్దా అనే కదా మీ ప్రశ్న. నమ్మండి. ఈ వయసులో ఆ గీత లేకపోతేనే అనుమానించాలి.

అది గ్రోత్ ప్లేట్. పిల్లల పొడవాటి ఎముకల చివర్లో ఉండే మృదులాస్థి పొర. అందులో గట్టి ఎముకలో ఉన్నంత కాల్షియం ఉండదు కాబట్టి కిరణాలు దాటి వెళ్లిపోయి ఫిల్ములో ఖాళీలా నల్లగా పడుతుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే: ఒకవైపు కణాలు నిలువు వరసల్లో కొత్తగా పుడుతుంటే, రెండోవైపు పాత మృదులాస్థి ఎముకగా మారిపోతుంటుంది. ముంజేతిలోని రేడియస్ ఎముక పెరుగుదలలో దాదాపు 75 నుంచి 80 శాతం ఈ మణికట్టు వైపు ప్లేటుదే. అబ్బాయిల్లో సుమారు 17 ఏళ్లకి, అమ్మాయిల్లో ఇంకాస్త ముందే, అది మొత్తం ఎముకైపోయి గీత మాయమవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆ ప్లేటు, దాని చుట్టూ ఎముకల్ని కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీల (లిగమెంట్ల) కన్నా బలహీనం, దానికే దెబ్బ తగిలినా ఎక్స్‌రే ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది. సరిగ్గా అక్కడ వేలితో మెల్లగా నొక్కితే బాబు చెయ్యి లాక్కుంటున్నా, వాపు తగ్గకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి మళ్లీ చూపించండి, అవసరమైతే చెయ్యి కదలకుండా స్ప్లింట్ (ఆధారపు కట్టు) వేసి 10-14 రోజులకి ఇంకో ఎక్స్‌రే తీయిస్తారు. ఈలోపు ఎవరో చెప్పారని నాటు కట్టుకి తీసుకెళ్లి చెయ్యి మాత్రం లాగించకండి.