మొదటి బ్లాక్ దొరికిన మా బుజ్జికి

బుజ్జీ,

టీవీ సీరియల్లో డైరెక్ట్ చెయ్యడానికి నీకు మొదటి బ్లాక్, అంటే రెండు మూడు ఎపిసోడ్లు కలిపి, దొరికిందన్న మెసేజ్ చూసి భలే సంతోషమేసింది, కానీ చివర్లో "సీరియలే కదా పిన్నీ" అన్నావు చూడు, అక్కడ చుర్రుమంది నాకు. ముప్ఫై ఏళ్లు ఈ బ్రిటన్‌లో కంటిన్యూటీ (షాట్‌కీ షాట్‌కీ తేడా రాకుండా చూసే లెక్క) రాసుకుంటూ డైరెక్టర్ల పక్కనే కూర్చున్నదాన్ని, విను.

పాడీ రసెల్ అనే ఆవిడ బీబీసీలో డైరెక్టర్ రుడాల్ఫ్ కార్టియర్ దగ్గర అసిస్టెంట్‌గా పని నేర్చుకుని 1966లో డాక్టర్ హూ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ డైరెక్ట్ చేసింది, అంతకుముందు ఆడవాళ్లెవరూ ఆ సిరీస్ డైరెక్ట్ చెయ్యలేదు. రచయిత్రి సాలీ వెయిన్‌రైట్ కొరొనేషన్ స్ట్రీట్ అనే సీరియల్‌కి ఎపిసోడ్లు రాసి రాసి, చాలా ఏళ్లకి 2014లో తను రాసిన హ్యాపీ వ్యాలీ అనే పోలీసు డ్రామాలోనే ఒక ఎపిసోడ్‌కి మెగాఫోన్ పట్టింది. మరి నువ్వు సీరియల్ అని మూతి తిప్పుతావేంటి? కొత్తవాళ్లు చెయ్యి తిప్పుకోడానికి బర్మింగ్‌హామ్‌లో తీసే డాక్టర్స్ అనే బీబీసీ సీరియల్ ఉండేది, అదీ 2024లో ఆగిపోయింది, అంచేత దొరికినదాన్ని వదలకు.

ఇక పని సంగతి. బ్లాక్‌కి టైమ్ ఎప్పుడూ చాలదు, కాబట్టి ముందురోజు రాత్రే షాట్ లిస్టులో ఏది పోయినా పర్లేదో దానికి టిక్ పెట్టుకో, లేకపోతే సాయంత్రం అయిదింటికి ఫస్ట్ ఏడీ (షూటింగ్ టైమ్‌కి నడిపించే ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్) వాచీ చూపిస్తుంటే కంగారులో అసలు కావాల్సిన షాటే వదిలేస్తావు, నేను చాలాసార్లు చూశా ఇది. ఫస్ట్ ఏడీకి మాత్రం ఏదీ దాచకు. ఇరవై ఏళ్లుగా అదే పాత్ర వేస్తున్న ఆవిడకి ఆ పాత్ర ఎలాంటిదో నువ్వు చెప్పబోకు, ఈ సీన్లోకి ఏ మూడ్‌లో వస్తోందో అడుగు చాలు.

డైరెక్టర్ ఫిలిప్పా లోథోర్ప్ డాక్యుమెంటరీల నుంచి వచ్చింది, ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ ఊళ్లో లైంగిక దోపిడీకి గురైన అమ్మాయిల నిజ కథతో ఆవిడ తీసిన త్రీ గర్ల్స్ చూడు, 2018లో డైరెక్షన్‌కి బాఫ్టా (బ్రిటన్ సినిమా, టీవీ అవార్డు) వచ్చింది దానికే. పెద్ద ఏడుపు సీన్లలో కూడా కెమెరా ఎక్కడా ఎగబడదు.

అన్నట్టు, ఓ ప్రొడ్యూసర్ నా ముందే డైరెక్టర్‌గా వచ్చిన ఒకమ్మాయిని "యాక్సిడెంట్ సీన్ నీవల్ల అవుతుందా" అని అడిగాడు, పక్కనున్న కుర్రాణ్ణి మాత్రం అడగలేదు. ఆ పిల్ల ఏం మాట్లాడకుండా స్టోరీబోర్డు తీసి టేబుల్ మీద పరిచింది. నువ్వూ గీసి దగ్గర పెట్టుకో.

బ్లాక్‌కీ బ్లాక్‌కీ మధ్య నెలలు ఖాళీ రావచ్చు, మొదటి చెక్కుతో కారు కొనకు. మీ ఫస్ట్ ఏడీ ఎవరో చెప్పు, నాకు తెలిసినవాళ్లే అయ్యుంటారు.

మీ పిన్ని