ఫాంటసీ బేస్‌బాల్‌లో కుర్ర షార్ట్‌స్టాప్‌ను మొదటి రౌండ్‌లోనే తీసుకోవచ్చా?

ఆఫీసులో పన్నెండు మంది కలిసి ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ పెట్టారనీ, తొలిసారి చేరాననీ, సిన్సినాటి రెడ్స్ టీమ్‌లోని ఎల్లీ డి లా క్రూజ్ లాంటి కుర్ర షార్ట్‌స్టాప్ విలువ ఎలా లెక్కేయాలో చెప్పమనీ మీరు అడిగారు. కొత్తవాళ్ళకోసం ఒక్క మాట: ఫాంటసీ అంటే నిజం ఆటగాళ్ళను డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకుని కాగితం మీద టీమ్ కట్టడం, నిజం మ్యాచ్‌ల్లో వాళ్ళు చేసే అంకెలే మన లెక్క. ఒక్కో వంతు ఒక రౌండ్. షార్ట్‌స్టాప్ అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్.

స్ట్రైకౌట్లు చూడండి, అంటే మూడు స్ట్రైక్‌లు పడి బ్యాటర్ అవుటైన సార్లు. ముందు అవి చూసి, ఆ తర్వాతే మిగతావి చూడండి. కొట్టిన బంతి ఎంత దూరం పడింది, కుర్రాడు ఎంత వేగంగా పరిగెత్తాడు అన్నవి చూడటానికి బాగుంటాయి, కానీ సీజన్ చివర మీ టీమ్‌ను ముంచేది స్ట్రైకౌట్లే. ఇది ఎవరో రాస్తే చదివి చెబుతున్నది కాదు. 2023 జులైలో చక్కగా నడుస్తున్న నా టీమ్‌ను ఒక్క రాత్రిలో నేనే పాడుచేసుకున్నాను.

మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి పక్కన మేసన్‌లో. ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. క్రికెట్ లీగ్‌లు ఉన్నాయి, వేసవిలో ప్రతి వారాంతం ఎవరింట్లోనో భోజనాలు ఉంటాయి. 2023 జులై 8, శనివారం. మా వీధిలోనే ఓ స్నేహితుడి ఇంట్లో గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం అయింది, భోజనాలయ్యాయి, ఆడవాళ్ళు పైన కబుర్లలో ఉన్నారు. నేను కింద బేస్‌మెంట్‌లో టీవీ పెట్టుకుని రెడ్స్ మ్యాచ్ చూస్తున్నాను. మిల్వాకీలో బ్రూవర్స్‌తో ఆట. నా పక్కన స్నేహితుడి నాన్నగారు కూర్చున్నారు. తెనాలి నుంచి వేసవికి కొడుకు దగ్గరికి వచ్చారు. బేస్‌బాల్ ఆయనకు కొత్త. చేతిలో కిళ్ళీ లేదన్న బెంగ తప్ప ఆయనకు ఇక్కడ ఇంకే లోటూ లేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉండగా ఎల్లీ సింగిల్ (మొదటి బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి రెడ్స్‌ను ముందుకు తెచ్చాడు. పెద్దాయన అప్పుడే మజ్జిగ కోసం పైకి వెళ్ళారు. ఆయన గ్లాసుతో తిరిగొచ్చి కూర్చునేసరికి ఎల్లీ మొదటి బేస్ మీద ఉన్నాడు. పిచ్చర్ బంతి వేయడంతోనే రెండో బేస్‌కి పరుగు తీశాడు, చేరాడు. తర్వాతి బంతికి మూడో బేస్‌కి పరుగు, చేరాడు. క్యాచర్ బంతిని వెనక్కి ఇచ్చాడు. పిచ్చర్ దాన్ని అందుకుని తలవంచుకుని తన చోటికి నడుస్తున్నాడు. ఆ నాలుగడుగుల సందులో ఎల్లీ హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు, బేస్‌లు చుట్టి అక్కడికి చేరితే ఒక రన్) మీదికి దూకేశాడు. రెండు బంతుల్లో మూడు బేస్‌లు! నేను సోఫాలోంచి లేచి అరిచిన అరుపుకు పైనుంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

పెద్దాయన అడిగారు: "ఎవరూ కొట్టలేదు కదా బాబూ, వాడెందుకు పరిగెత్తాడు?"

చెప్పాను. వీటిని స్టీల్స్ అంటారండీ, దొంగిలించడమే, రూల్స్ ఒప్పుకుంటాయి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, మరి అసలు ఆ మొదటి దాని దగ్గరికి ఎలా వచ్చాడు?" అన్నారు.

"కొట్టి వచ్చాడండీ" అనేసి నేను ఫోన్ తీశాను. మా లీగ్‌లో ఎల్లీ ఎవరి దగ్గరున్నాడో వెతుకుతున్నాను. ఆ పూట నా బుర్రలోకి ఎక్కాల్సిన ప్రశ్న అదే, నేను వినిపించుకోలేదు.

ఎల్లీ అప్పుడు మా ఆఫీసులో టెస్టింగ్ చూసే ఒకతని దగ్గర ఉన్నాడు. జూన్ 6న ఎల్లీ మేజర్స్‌లోకి, అంటే అన్నిటికంటే పై స్థాయి లీగ్‌లోకి రాగానే ఆ టెస్టింగ్ అతను అందరికంటే ముందుగా ఎగరేసుకుపోయాడు. ఆ టెస్టింగ్ అతను పుట్టి పెరిగింది కాన్సస్ సిటీ వైపు. నా దగ్గర కాన్సస్ సిటీ టీమ్ రాయల్స్ షార్ట్‌స్టాప్ బాబీ విట్ జూనియర్ ఉన్నాడు. ఆ ఏడాది రాయల్స్ ఎంత ఘోరంగా ఆడారంటే చివరికి 106 మ్యాచ్‌లు ఓడారు. విట్ సగటు (ఎన్నిసార్లు ఆడితే ఎన్ని హిట్లు అన్న లెక్క) కూడా అప్పటికి అంతంత మాత్రమే, హైలైట్ వీడియోల్లో అతను పెద్దగా కనపడేవాడు కాదు. ఎల్లీ మాత్రం ప్రతిచోటా ఉన్నాడు. మేజర్స్‌కి వచ్చిన మూడు వారాలు కూడా నిండకుండానే ఒకే మ్యాచ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ (గోడ దాటే హిట్) అన్నీ కొట్టేశాడు. ఊరంతా అతని పేరు చొక్కాలే. ఆదివారం రాత్రి విట్‌ను ఇస్తాను, ఎల్లీని ఇవ్వు అని ట్రేడ్ పంపాను. పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు.

అంత తొందరగా ఒప్పుకున్నాడంటేనే నేను ఆగి ఆలోచించాల్సింది. అప్పుడు చూడనిదేమిటో ఇప్పుడు చెబుతాను. ఆ సీజన్ మొత్తం మీద ఎల్లీ 427 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి 144 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. వందకు దాదాపు 34. విట్ అదే ఏడాది వందకు 17. దాదాపు సగం. జులైలో ఆ అంకె తెరమీద నా కళ్ళెదుటే ఉంది, నేను మాత్రం వీడియో చూస్తున్నాను. జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామం తర్వాత ఎల్లీ సగటు 0.200 కిందికి పడిపోయింది. పిచ్చర్లు అతనికి ఎక్కడ వేస్తే బ్యాట్ ఊపుతాడో కనిపెట్టేశారు. విట్ సీజన్‌ను 30 హోమ్ రన్లు, 49 స్టీల్స్‌తో ముగించాడు. మా లీగ్ ఆ కాన్సస్ సిటీ అతను గెలిచాడు. నేను ఏడో స్థానం. చిత్రమేమిటంటే స్టీల్స్‌లో నాకు పెద్ద నష్టం రాలేదు, ఎల్లీ వాటిని తెచ్చిపెడుతూనే ఉన్నాడు. సగటు, రన్లు, ఆర్‌బీఐలు (తను కొట్టడం వల్ల టీమ్‌కి వచ్చిన రన్లు), ఈ మూడు లెక్కల్లో కిందికి జారిపోయాను.

మీ లీగ్ ఏ పద్ధతో మీరు చెప్పలేదు. మా లీగ్‌లాగే రోటిస్సెరీ పద్ధతి అనుకుంటాను, అంటే సగటు, రన్లు, స్టీల్స్ లాంటి ఒక్కో లెక్కకు ఒక్కో కాలమ్ పెట్టి, అందులో టీమ్‌ల వరస ప్రకారం మార్కులిచ్చేది. అందులో ఒక్కో కాలమ్‌లో మొదటి స్థానానికి 12 మార్కులు, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ రాదు. 2024లో ఎల్లీ 67 స్టీల్స్ చేసి మేజర్ లీగ్స్ మొత్తానికి మొదటివాడిగా నిలిచాడు. ఆ కాలమ్‌లో రెండోవాడికంటే మీరు ఒక్కటి ఎక్కువున్నా 12, నలభై ఎక్కువున్నా 12. ఆ ఒక్కటికి మించినవన్నీ ఊరికే పోయినట్టే. అదే ఏడాది 218 స్ట్రైకౌట్లతో కూడా అతనే మొదటివాడు. అవి నేరుగా మీ లెక్కలో కనపడవు, కానీ ప్రతి స్ట్రైకౌట్ ఒక హిట్ వచ్చే అవకాశాన్ని, ఒక రన్ వచ్చే అవకాశాన్ని మింగేస్తుంది.

పైగా 2023 నుంచి రూల్స్ మారాయి. బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలయ్యాయి, పిచ్చర్ బేస్ మీదున్నవాడిని బెదిరించడానికి బంతి విసిరే సార్లకు హద్దు పెట్టారు. 2022లో మేజర్ లీగ్స్ మొత్తం మీద 2,486 స్టీల్స్ ఉంటే 2023లో 3,503. అంటే స్టీల్స్ ధర పడిపోయింది. ఉల్లిపాయలు మార్కెట్‌కి ఎక్కువగా వస్తే ధర పడదా? ఇప్పటికీ 40 స్టీల్స్ అనగానే పాత రోజుల లెక్కలో కళ్ళకద్దుకునే వాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక కుర్రాళ్ళ స్టీల్స్ వయసుతో ఎండిపోతాయి. మా లీగ్ మొదలైంది 2016లో. ఆ ఏడాది అందరూ కార్లోస్ కొరియా కోసం ఎగబడ్డారు. అంతకు ముందు ఏడాది 99 మ్యాచ్‌ల్లోనే 22 హోమ్ రన్లు, 14 స్టీల్స్ చేసిన కుర్రాడు మరి. 2017కి అతని స్టీల్స్ రెండు. నిలువెత్తు షార్ట్‌స్టాప్‌లు మొదట్లో బాగా పరిగెత్తుతారు, రెండు గాయాలయ్యాక కాళ్ళు దాచుకుంటారు.

ఫీల్డింగ్ సంగతి చాలామంది అడుగుతారు. 2024లో ఎల్లీ 29 ఎర్రర్లు చేశాడు. ఫాంటసీలో వాటికి ఒక్క మార్కు కూడా కొయ్యరు. కానీ ఎర్రర్లు మరీ ఎక్కువైతే కుర్రాడిని ఆ స్థానం నుంచి తీసేస్తారు, అప్పుడు మరుసటి ఏడాదికి మీ షార్ట్‌స్టాప్ గడి ఖాళీ కావచ్చు. పిట్స్‌బర్గ్‌లో ఒనీల్ క్రూజ్‌ను 2024 ఆగస్టులో సెంటర్ ఫీల్డ్‌కి పంపేశారు. శాన్ డియేగోలో ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2023లో రైట్ ఫీల్డ్‌కి మారాడు. వాళ్ళ ఆట తగ్గిపోలేదు, కానీ షార్ట్‌స్టాప్ అని కొన్నవాడు అవుట్‌ఫీల్డర్ అయిపోతే మీ టీమ్ కుదురు చెడుతుంది.

మైనర్ లీగ్స్ (మేజర్స్ కింది స్థాయి) లెక్కలు చూపించి ఊదరగొట్టే జాబితాలను కూడా నమ్మకండి. జాక్సన్ హాలిడే అనే కుర్రాడిని 2022లో మేజర్ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా తీసుకున్నారు. 2024 ఏప్రిల్‌లో మేజర్స్‌కి వచ్చేటప్పటికి దాదాపు అన్ని జాబితాల్లోనూ అతనే నంబర్ వన్. మొదటి పది మ్యాచ్‌ల్లో 34కి 2 హిట్లు, 18 స్ట్రైకౌట్లు. వెనక్కి పంపేశారు. ఇరవై ఏళ్ళ పిల్లాడు, అతని తప్పేం లేదు. అంత ఆశ పెట్టినవాళ్ళదే తప్పు. మా లీగ్‌లో ఒకతను అతని కోసం రెండు నెలలు బెంచ్ మీద ఒక చోటు ఖాళీగా ఉంచాడు.

ఒక్క మాట, ప్రశ్నకు సంబంధం లేకపోయినా చెప్పాలి. ఫాంటసీ అంటే బెట్టింగ్ అని ఇంట్లోవాళ్ళు అనుకుంటే మీరు ఓపిగ్గా వివరించండి. మా నాన్నగారికి ఫోన్లో చెప్పినప్పుడు "అక్కడ కూడా అదేనా?" అని రెండు రోజులు నిద్రపోలేదు. ఆయన భయం అర్థమవుతుంది. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే యాప్‌లతో కుటుంబాలు ఎలా చితికిపోయాయో చూశాం. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వాటిని నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. మా లీగ్‌లో డబ్బు మాటే లేదు. ఆఖరి స్థానంలో వచ్చినవాడు అక్టోబరులో అందరికీ భోజనం పెట్టాలి, అంతే. మీ ఆఫీసులో డబ్బు పోగేస్తుంటే మాత్రం చేరకండి. ఆరు నెలల ఆటను ఆస్వాదించాలంటే ఆ టెన్షన్ ఉండకూడదు.

సరే, ఎల్లీ దగ్గరికి వస్తాను. 2025లో అతను 162 మ్యాచ్‌లకు 162 ఆడాడు. సగటు 0.264, హోమ్ రన్లు 22, స్టీల్స్ 67 నుంచి 37కి దిగాయి. హోమ్ రన్లలో ఎక్కువ భాగం ముందు సగంలోనే వచ్చాయి. తర్వాత తొడ కండరం గాయంతోనే ఆడుతూ వచ్చాడని సీజన్ అయ్యాక తెలిసింది. అందుకే ఇప్పుడు జనం అతని మీద పెదవి విరుస్తున్నారు. 2023లో ఎగబడినవాళ్ళే ఇప్పుడు అతని పేరెత్తితే మొహం తిప్పుకుంటున్నారు. రెండు సార్లూ చూడాల్సిన అంకె వాళ్ళు చూడలేదు.

ఆ అంకె స్ట్రైకౌట్లది. వందకు 34 నుంచి 31కి, 31 నుంచి 26కి వచ్చింది. మూడేళ్ళలో, గాయంతో ఆడుతూ కూడా. విట్ విషయంలోనూ ఇలాగే జరిగింది. 2022లో 21, 2023లో 17, 2024లో 15. ఆ మూడో ఏడాదే 0.332 సగటుతో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. ఎల్లీ ఎప్పటికీ 15కి రాడు, అతని బ్యాట్ ఊపు అంత పెద్దది. 23కి వచ్చినా చాలు. పుట్టింది 2002 జనవరిలో, ఇంకా చిన్నవాడే. పైగా సొంత గ్రౌండ్ చిన్నది, మిగతా చోట్ల ఫీల్డర్ చేతిలో పడే బంతులు అక్కడ గోడ దాటుతాయి. బ్యాటింగ్ ఆర్డర్‌లో పైనే ఉంటాడు కాబట్టి ఏడాదికి 690 సార్లకు పైగా బ్యాటింగ్‌కి వస్తాడు. కింద ఏడో స్థానంలో ఆడే కుర్రాడికి ఎంత టాలెంట్ ఉన్నా అన్ని అవకాశాలు రావు.

కాబట్టి మొదటి రౌండ్ చివర్లో అయినా, రెండో రౌండ్ మొదట్లో అయినా అతన్ని తీసుకోండి. మొదటి అయిదుగురిలో మాత్రం వద్దు.

మా డ్రాఫ్ట్‌లో పన్నెండు మందిలో నాకు పదో నంబర్ వచ్చింది. రెండో రౌండ్ చివరివాడి నుంచి వెనక్కి తిరిగి వస్తుంది కాబట్టి నా రెండో పిక్ 15వది. అప్పటిదాకా ఎల్లీ మిగులుతాడని నేను అనుకునేవాణ్ణి. కానీ 12, 13 పిక్‌లు ఆ కాన్సస్ సిటీ అతనివి, అతను నాకంటే బాగా లెక్కలు చూస్తాడు. అందుకే పదో పిక్‌లోనే తీసేసుకుంటున్నాను.