బడికి పంపని తల్లిదండ్రుల్ని నలుగురిలో నిలదీయడం సరైనదేనా?

"పిల్లల్ని బడికి పంపని తల్లిదండ్రుల్ని సిగ్గుపడేలా చేసైనా పంపించాలి, ఇందులో తప్పేముంది?" అని అడిగారు. నేను ఆ పని చేసినవాణ్ణి. తప్పే.

బడి మానేసిన పిల్లల్ని చేర్పించే బృందంలో కొన్నాళ్లు తిరిగాను. నలుగురం కలిసి వెళ్లి, ఇరుగుపొరుగు వినేలా మాట్లాడటమే మా పద్ధతి. పరువు పోతుందంటే ఎవరైనా దిగొస్తారని మా ధీమా.

ఒక ఇంట్లో పదేళ్ల పాప, చంకలో ఏడాది తమ్ముడు. తల్లి పనికి బయల్దేరుతోంది. "నువ్వెలాగూ చదువుకోలేదు, దాని బతుకూ ఇలాగే చేస్తావా?" అన్నాను. నాకంటే కనీసం పదేళ్లు పెద్దావిడ, నేను "నువ్వు" అన్నాను. పక్కిళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఆవిడ వాదించలేదు. "రేపట్నుంచి వస్తుంది లెండి" అంది, అంతే.

మర్నాడు పాప వచ్చింది, తమ్ముణ్ణి ఎత్తుకునే. ఫోటో కోసం మావాళ్లొకరు పిల్లాణ్ణి లాక్కుని పక్కకి తీసుకెళ్లారు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పాపని నవ్వమన్నాం. గంట తిరక్కుండానే టీచర్ ఇద్దర్నీ ఇంటికి పంపేశారు. అరవైమంది ఉన్న గదిలో చంటివాడితో పాఠం ఎలా చెప్తారు, ఆయన్నీ అనలేం. మూడో రోజు నుంచి పాప రాలేదు. మా లిస్టులో మాత్రం "చేరినవారు" కిందే ఉండిపోయింది. ఆ లిస్టు రాసింది నేనే.

"తల్లిదండ్రులకి అవగాహన లేదు" అనే మాట వింటే అప్పట్నుంచి ఒళ్లు మండుతుంది. కెన్యాలో 2003లో ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేస్తే ఆ ఏడాదే పది లక్షలకు పైగా పిల్లలు అదనంగా వచ్చి చేరారు. అవగాహన ఒక్క ఏడాదిలో పుట్టుకొచ్చిందా? తరగతులు కిక్కిరిసిపోయాయి, అది వేరే కథ. మెక్సికోలో 1997లో మొదలైన పథకంలో పిల్లలు బడికి హాజరైతేనే తల్లులకి డబ్బు ఇచ్చేవాళ్లు. పై తరగతుల్లో ఆడపిల్లలకి ఇంకాస్త ఎక్కువ. అదీ ఒత్తిడే, కాకపోతే బడికి పంపితే ఇంటికయ్యే నష్టాన్ని లెక్కలోకి తీసుకున్న ఒత్తిడి.

ఐక్యరాజ్యసమితి 1948 మానవ హక్కుల ప్రకటనలో 26వ అధికరణం చూడండి. ప్రాథమిక విద్య "ఉచితం" అన్న మాట ముందు వస్తుంది, "నిర్బంధం" తర్వాత. మేం రెండో మాట పట్టుకుని ఇళ్ల మీద పడ్డాం. ఫీజు లేనంత మాత్రాన ఉచితం కాదు, ఆ ఇంట్లో పాప కూలిలేని ఆయా. ఇక 1989 బాలల హక్కుల ఒడంబడిక పిల్లల అభిప్రాయం కూడా వినాలంటుంది. మా ఫారంలో తండ్రి పేరుకి, పుట్టిన తేదీకి గళ్లున్నాయి. నీకేం కావాలి అని పాపని అడగడానికి గడి లేదు, మాకు తట్టనూ లేదు.

ఒత్తిడే వద్దనను. పిల్లని పెళ్లి చేసి పంపేస్తామన్నా, పనికి కుదిర్చేస్తామన్నా నేనే ముందు ఫిర్యాదు చేస్తా. కానీ ఆవిడ సంగతి అది కాదు. నలుగురం కలిసి ఆవిడ గుమ్మం ముందు గొంతు చించుకున్నాం. బడి పక్కన చంటిపిల్లల్ని చూసుకునే గది ఒకటి కావాలని మాత్రం ఏ ఆఫీసుకీ వెళ్లి ఒక్క కాగితం ఇవ్వలేదు.