ఖాళీ అన్న మాట దగ్గర ఆగు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నెవాడా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతికి లొంగుతోంది, చాలా సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే నా పెన్సిల్ ఆగిపోయింది. "మనుషుల ఊసే లేని ఎడారిలో ఒక నగరం వెలిసింది" అని మొదలుపెట్టావు. ముప్పై ఏళ్ల కిందట నేనూ అమెరికా పడమటి రాష్ట్రాల మీద ఒక వ్యాసం రాశాను. అందులో 'నిర్మానుష్యం' అన్న మాట మూడుచోట్ల ఉంది. అచ్చయిన మాటను వెనక్కి తీసుకోలేకపోయాను. నీది ఇంకా అచ్చుకు పోలేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

లాస్ వేగాస్ అంటే స్పానిష్‌లో పచ్చిక బయళ్లు. అక్కడి ఊటల పక్కన దక్షిణ పాయూట్ అనే ఆదివాసులు తరతరాలుగా బతికారు. 1905 మే 15న రైల్వే వాళ్లు ఆ చోటును ప్లాట్లుగా కోసి వేలం వేశారు. 1911 చివరికి పాయూట్‌ల కోసం అక్కడ కేటాయించింది పది ఎకరాలు. ఊరు పెరిగేకొద్దీ భూగర్భజలాన్ని తోడేయడంతో 1962 నాటికి ఆ ఊటల్లో నీరు పైకి రావడం మానేసింది. నీ నగరం వెలిసింది ఖాళీ చోట కాదు, నీళ్లున్న చోట, ఆ నీళ్లు తాగే మనుషులున్న చోట. నెవాడా చరిత్రలో ఎవరైనా 'ఇక్కడ ఏమీ లేదు' అన్నారంటే, ఆ వెంటనే అక్కడ ఏదో ఒకటి తీసుకోబోతున్నారని అర్థం. నీ వ్యాసమంతా ఈ ఒక్క దారాన్ని పట్టుకుని నడవాలని నా కోరిక.

రూబీ వ్యాలీ ఒప్పందాన్ని నువ్వు అర వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. 1863 అక్టోబర్ 1న పశ్చిమ షషోనీ అనే ఆదివాసులతో అమెరికా చేసుకున్న ఒప్పందం అది. తమ నేల మీదుగా బళ్లు, తంతి తీగలు, రైళ్లు పోవడానికీ, గనులు తవ్వుకోవడానికీ షషోనీలు సరేనన్నారు. నేలను వదులుకుంటున్నామని ఎక్కడా అనలేదు. నూరేళ్ల తర్వాత ఒక ప్రభుత్వ కమిషన్, బయటివాళ్లు మెల్లమెల్లగా ఆక్రమించడంతోనే వాళ్ల హక్కు పోయిందని తేల్చి పరిహారం లెక్కగట్టింది. 1979లో సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు షషోనీల పేరిట ఖజానాలో జమ చేశారు. వాళ్లు ఆ డబ్బును ముట్టుకోబోమన్నారు. అనుమతి లేకుండా పశువులు మేపుతున్నారని ప్రభుత్వం కోర్టుకు లాగిన మేరీ డాన్, క్యారీ డాన్ అనే అక్కచెల్లెళ్ల కేసులో, 1985లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడు: ఖజానాలో జమ పడింది కనుక పరిహారం చెల్లించినట్టే. ఇచ్చింది ప్రభుత్వం, వాళ్ల తరఫున పుచ్చుకున్నదీ ప్రభుత్వమే. నువ్వు దీనికి 'ఘోరమైన అన్యాయం' అని పేరు పెట్టావు. ఆ రెండు మాటలూ కొట్టేసి, ఎవరు ఎవరికి ఎప్పుడు ఏమిచ్చారో వరుసగా చెప్పు. పాఠకుడికి కోపం రావాలంటే నువ్వు కోప్పడనక్కరలేదు.

షషోనీలు తమదంటున్న ఆ నేలలోనే 1951 నుంచి 1992 వరకు 928 అణు పరీక్షలు జరిగాయి. వాటిలో సుమారు వంద భూమి పైన పేల్చినవి. గాలి లాస్ వేగాస్ వైపు, లాస్ ఏంజెలస్ వైపు వీచకుండా చూసుకునేవారు. అది తూర్పుకు వీచినప్పుడు యూటాలోని సెయింట్ జార్జ్ లాంటి ఊళ్ల మీద ఆ ధూళి పడేది. ఆ ఊళ్లవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం 1990 దాకా రాలేదు. 1987లో దేశమంతటి అణు వ్యర్థాలను పాతిపెట్టడానికి నెవాడాలోని యక్కా పర్వతాన్ని ఒక్కదాన్నే పరిశీలించాలని కాంగ్రెస్ తీర్మానించింది. అప్పుడు ప్రతినిధుల సభలో నెవాడాకున్నది ఇద్దరే సభ్యులు. ఈ ఇద్దరు అన్న అంకె నీ వ్యాసంలో లేదు, చేర్చు.

నాలుగో పుటలో నెవాడాను మన రాయలసీమతో పోల్చావు. ప్రేమతోనే పోల్చావని తెలుసు, అయినా కొట్టేశాను. సీమలో వాన తక్కువే కానీ భూమికి పట్టాదారు ఉంటాడు. నెవాడాలో ఐదింట నాలుగు వంతుల నేల ఫెడరల్ ప్రభుత్వానిది. 1979లో ఆ రాష్ట్ర శాసనసభ ఆ నేలలో పెద్ద భాగం తనదేనని చట్టం చేసింది, పశువుల ఆసాములు వెనక నిలిచారు. ఆ తగవులోనూ షషోనీల మాట ఎవరూ అడగలేదు. ఇంకో సంగతి, ఆ నేలను నువ్వు 'బంజరు' అన్నావు. బంజరు, పోరంబోకు మన రెవెన్యూ కాగితాల మాటలు. శిస్తు రాని నేలకు పెట్టిన పేరు చివరికి మనుషుల్ని తిట్టే మాటగా ఎలా మారిందో తెలుగువాడికి తెలుసు. అందుకే అలాంటి మాటను ఇంకొకరి నేల మీద వాడే ముందు ఆలోచించు.

రాష్ట్రం ఏర్పడిన కథ బాగా రాశావు. లింకన్ ఎన్నికకు ఎనిమిది రోజుల ముందు, 1864 అక్టోబర్ 31న రాష్ట్ర హోదా, అందుకోసం రాజ్యాంగాన్ని మొత్తం తంతి ద్వారా పంపడం, అన్నీ ఉన్నాయి. అక్కడ నేనేమీ ముట్టుకోలేదు. జూదం దగ్గర మాత్రం 'పాపాల నగరం' అంటూ రెండు పుటలు పోయాయి. 1880లో 62,266 మంది ఉన్న రాష్ట్రంలో వెండి తగ్గిపోయాక 1900 నాటికి 42,335 మంది మిగిలారు. రాష్ట్ర హోదా తీసేయాలన్న మాట కూడా వినిపించింది. ఆ భయం తెలిసినవాడికే 1931 మార్చి 19 అర్థమవుతుంది. ఆ ఒక్క రోజే గవర్నర్ ఫ్రెడ్ బాల్జర్ జూదాన్ని చట్టబద్ధం చేసే బిల్లు మీదా, ఆరు వారాలు కాపురముంటే విడాకులిచ్చే బిల్లు మీదా సంతకం చేశారు.

ఆ రెండు పుటల స్థానంలో ఆ హోటళ్లలో పని చేసినవాళ్లను తీసుకురా. నల్లజాతి గాయకులు వేదికల మీద పాడి, అదే హోటల్లో గది దొరక్క నల్లవాళ్ల పేట వెస్ట్‌సైడ్‌కు వెళ్లి పడుకునేవారు. 1960 మార్చిలో కుదిరిన ఒప్పందంతో గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. 1971లో సంక్షేమ భృతి కోసేస్తే, రూబీ డంకన్ నాయకత్వంలో తల్లులు పిల్లలతో సహా జూదపు హోటళ్ల వీధి స్ట్రిప్ మీదికి నడిచి సీజర్స్ ప్యాలెస్ హోటల్లోకి వెళ్లారు. కొద్ది రోజులకే భృతిని పునరుద్ధరించాలని ఫెడరల్ కోర్టు ఆదేశించింది. ఫ్రాంటియర్ హోటల్ దగ్గర 550 మంది కార్మికులు 1991 నుంచి 1998 వరకు ఆరేళ్ల నాలుగు నెలల పది రోజులు సమ్మె చేశారు, వాళ్లలో ఒక్కరు కూడా సమ్మె వదిలి పనిలోకి వెళ్లలేదు. నువ్వు ఈ హోటళ్ల దీపాల గురించి ఎంతో అందంగా రాశావు. ఆ అందమంతా ఈ మనుషులకు దక్కాలి.

నాకు అన్నిటికంటే దగ్గరైనది పిరమిడ్ సరస్సు. నీ వ్యాసంలో అది లేనే లేదు. ఆ ఒడ్డున ఉండే పాయూట్‌లు తమను కుయుయి చేప తినేవాళ్లమని చెప్పుకుంటారు, వాళ్ల పేరే చేప పేరు. నెవాడా నేత ఫ్రాన్సిస్ న్యూలాండ్స్ పట్టుబట్టి సాధించిన 1902 సేద్యపు చట్టం కింద 1905లో డెర్బీ ఆనకట్ట కట్టారు. ట్రకీ నది నీళ్లు ఫాలన్ దగ్గరి కొత్త పొలాలకు మళ్లాయి. పిరమిడ్ సరస్సు దిగిపోయింది. పక్కనున్న విన్నెముక్కా సరస్సు పూర్తిగా ఎండిపోయింది. గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే లహాంటన్ ట్రౌట్ చేపలకు దారి మూసుకుపోయి, 1940ల నాటికి ఆ సరస్సులో వాటి జాతి అంతరించింది. 'ఎడారిని పండించాం' అన్న సంబరం వెనక ఉన్నది ఇదే. తర్వాత యూటా సరిహద్దులోని పైలట్ శిఖరం వాగులో ఆ జాతి చేపలే దొరికాయి. 2006 నుంచి వాటిని తిరిగి సరస్సులో వదిలారు. 2014లో అవి ట్రకీ నదికి ఎదురీది గుడ్లు పెట్టాయి.

ఆ చేపలతో వ్యాసం మొదలుపెట్టి చూడు. ముందుగా రూబీ వ్యాలీ ఒప్పందం మూలప్రతి చదువు, ఎక్కువ పుటలుండవు. నేల గురించి అందులో వాడిన ప్రతి క్రియాపదం కింద గీత గీసుకుని, ఆ తర్వాతే కలం పట్టు. కొత్త మొదటి పుట రాగానే పంపు, మిగతావి తర్వాత చూసుకుందాం. నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి