విజయనగరంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, స్టైపెండుతో పీహెచ్‌డీ దొరకాలంటే ఏం చేయాలి?

సీటు వేరు, ఫెలోషిప్ వేరు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

సైన్స్ సబ్జెక్టుల జాతీయ అర్హత పరీక్ష సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ 2024 నుంచి మూడు కేటగిరీల్లో ఫలితాలు ఇస్తోంది. డబ్బు వచ్చేది జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)కే: మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మిగతా రెండు కేటగిరీలు అడ్మిషన్‌కి పనికొస్తాయి, అదీ ఏడాదిలోపే.

జేఆర్ఎఫ్ చేతిలో ఉంటే ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో చేరినా, ఢిల్లీలో చేరినా ఆ డబ్బు మీ వెంటే వస్తుంది. అందుకని ఊరు కాదు, గైడునీ ల్యాబునీ చూసుకోండి. ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం తెలిపే పరీక్ష) కోసం శాంపిల్స్ బయటికి పంపే చోట ఒక్కో రిజల్టుకి వారాలు పోతాయి.

జేఆర్ఎఫ్ రాలేదా, గేట్ (ఇంజినీరింగ్, సైన్స్ పీజీ, పరిశోధన ప్రవేశాల జాతీయ పరీక్ష) రాయండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐటీలు, ఎన్ఐటీలు దాంతో తీసుకున్న ఫుల్‌టైమ్ స్కాలర్లకు సొంతంగా స్టైపెండు ఇస్తాయి. ప్రకటనలో 'సెల్ఫ్ స్పాన్సర్డ్' అని ఉంటే మాత్రం రూపాయి రాదు.

ఇక ప్రాజెక్టు జేఆర్ఎఫ్, అంటే గైడుకి వచ్చిన రీసెర్చ్ ప్రాజెక్టు నిధుల్లోంచి జీతమిచ్చే పోస్టు. పేరు అదే గానీ సరుకు వేరు: ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్లు, పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు. చేరేముందే రెండు అడగండి: పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇస్తారా, ప్రాజెక్టులో ఇంకెన్ని నెలలు మిగిలాయి?