క్యాంపు మానొద్దు, చేసే పని మార్చుకోండి

ప్రశ్న: మేడమ్, మాది మధురవాడ. వైజాగ్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఆదివారాలు పాడేరు వైపు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు) స్క్రీనింగ్ క్యాంపులకు వాలంటీర్‌గా వెళ్తున్నాను. తెల్లారకముందే బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి పది. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) ఇంటర్నల్‌లో మార్కులు బాగా తగ్గాయి. అమ్మ మానేయమంటోంది. మానేస్తే వాళ్లను వదిలేసినట్టు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి మాట. ఆవిడ భయం మార్కుల గురించే అయి ఉండదు. ఘాట్ రోడ్డు మీద చీకట్లో తిరిగొచ్చే కూతురి కోసం గుమ్మంలో నిలబడే తల్లికి ఆ టెన్షన్ తప్పదు. ప్రయాణం తగ్గితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

పాడేరు వంద కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ ఆరేడు గంటలు దారికే పోతాయి. మర్నాడు క్లాసులో కూర్చున్నా బుర్ర పనిచేయదు. అంటే మీరిస్తున్నది ఒక రోజు కాదు, రెండు.

క్యాంపులో తొలి వడపోతగా చేసే సాల్యుబిలిటీ రక్త పరీక్ష పాజిటివ్ వచ్చినా అది జబ్బో, క్యారియరో (జబ్బు లేకుండా దాని జన్యువును మాత్రమే మోసేవాళ్లో) తేలదని మీకు తెలుసు. హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపేది) లాంటి నిర్ధారణ పరీక్ష కావాలి. ఆ రెండో పరీక్ష దగ్గరే జనం జారిపోతుంటారు. కూలి పోతుందని కొందరు, మళ్లీ ఎందుకు రమ్మన్నారో అర్థం కాక కొందరు. వాళ్లకు ఫోన్ చేసి, ఎప్పుడు ఎక్కడికి రావాలో చెప్పి, వచ్చారో లేదో రాసుకునే మనిషి కావాలి. సిగ్నల్ లేని ఊళ్లకు ఆశా కార్యకర్త ద్వారా కబురు పంపాలి. వారంలో రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున ఇంటి నుంచే చేయగలిగిన పని ఇది. నన్నడిగితే ఇంకో క్యాంపు కంటే ఇదే ఎక్కువ అవసరం. ఒక్క జాగ్రత్త: పేర్లు, ఫలితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పెళ్లి సంబంధాల దాకా పోయే విషయం.

ఖాళీ అయిన ఆదివారం పొద్దుట బయోస్టాటిస్టిక్స్ తీయండి. సెన్సిటివిటీ (ఉన్నవాళ్లను పరీక్ష ఎంతమేర పట్టుకుంటుంది), స్పెసిఫిసిటీ (లేనివాళ్లను లేదని ఎంతమేర చెబుతుంది), ప్రెడిక్టివ్ వేల్యూ (వచ్చిన ఫలితం ఎంతవరకు నిజం) మీరు పాడేరులో కళ్లారా చూసినవే. క్యాంపు టేబుల్ ముందు కూర్చున్న మనుషులను తలచుకుని లెక్క వేయండి, సూత్రం మనసుకెక్కుతుంది.

క్యాంపు వివరాలతోనే డిజర్టేషన్ చేద్దామన్న ఆలోచన ఉంటే ముందు గైడ్‌తో మాట్లాడండి. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఆ డేటా ముట్టుకోవద్దు. పరిశోధన నైతికతపై ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఒకసారి చదవండి. సేవ కోసం సేకరించిన వివరాలు మన చదువు కోసం ఇచ్చినవి కావు.

వదిలేసినట్టు అనుకోకండి. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గడువు 2047. చదువు గట్టిగా పూర్తిచేసిన మనిషి అవసరం ఏజెన్సీకి ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

ఈ వారమే క్యాంపు నడిపేవాళ్లకు ఫోన్ చేయండి. చివరి నిమిషంలో రాలేనని మెసేజ్ పెట్టడం కంటే ఇప్పుడే చెప్పడం వాళ్లకూ మేలు. "పరీక్షలయ్యే దాకా రాలేను, ఫాలో అప్ ఫోన్లు నేను చూస్తాను" అనండి. పరీక్షల తర్వాత ఏ ఆదివారం మళ్లీ బస్సెక్కుతారో ఆ తేదీ కూడా అప్పుడే చెప్పేయండి.